పెరటిచెట్టు మందు

(ఉద్దేశం: ధర్మపురి ప్రాంతంలో కనిపించే ఔషధ మొక్కలను, వాటిని గురించి పెద్దలు తరతరాలుగా కాపాడుకొంటూ వచ్చిన జ్ఞానాన్ని తెలుసుకోవడం, ఆ జ్ఞానాన్ని వివేకంతో ఉపయోగించడం నేర్చుకోవడం.)

‘పెరటిచెట్టు మందుకు పనికిరాదు’ అని తెలుగులో ఒక సామెత ఉంది. దగ్గర ఉన్నదాని విలువ మనిషికి తెలియదని దాని భావం. ఈ సామెతను సాధారణంగా మనుషులకు అన్వయించి చెబుతారు. కాని చెట్ల విషయంలోనూ ఇది నిజమే. గోడపక్కన మొలిచిన మొక్కను పిచ్చిమొక్క అని పీకి పారవేస్తాం. అదే మొక్క ఎండి, పొడియై, సీసాలో చేరి, పేరు అంటించుకొని అంగడికి వస్తే డబ్బు ఇచ్చి కొంటాం.

తమిళనాడులోని ధర్మపురి జిల్లా కొండల నాడు. తూర్పు కనుమలకు చెందిన చిత్తేరి కొండలు, వత్తల్‌మలై, తీర్థమలై ఈ జిల్లాలోనే ఉన్నాయి. కావేరి నది హొగేనకల్ వద్ద రాళ్ళమీదుగా దూకుతూ ఈ నేలలో అడుగుపెడుతుంది. హొగేనకల్‌కు వచ్చే యాత్రికులు ఒంటికి నూనె మర్దన చేయించుకొని జలపాతంలో స్నానం చేస్తారు. కొండల మీది మూలికలను తాకి వచ్చిన నీరు కనుక ఒంటికి మంచిదని వారి నమ్మకం. ఈ జిల్లాలోను, 2004లో దీని నుండి వేరుపడిన కృష్ణగిరి జిల్లాలోను తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్నాయి. వారి ఇళ్ళలో తెలుగు పేర్లు, సంతలో తమిళ పేర్లు, సరిహద్దు గ్రామాలలో కన్నడ పేర్లు కలిసి వినిపిస్తాయి. మందుమొక్కల కథ కూడా అలాగే మూడు భాషలలో సాగుతుంది.

తగడూరు ఉసిరికాయ

ధర్మపురికి పూర్వం తగడూరు అని పేరు. సుమారు రెండువేల ఏళ్ళనాడు, తమిళ సంగం కాలంలో, అదియమాన్ నెడుమాన్ అంజి అనే ప్రభువు దీనిని పాలించాడు. సంగం సాహిత్యం కొనియాడిన ఏడుగురు దాతలలో ఆయన ఒకడు. ఆయనకు ఒకసారి అరుదైన ఉసిరికాయ ఒకటి దొరికింది. అది ఎక్కరాని కొండచరియ మీద కాసిన కాయ. దానిని తిన్నవారికి దీర్ఘాయువు కలుగుతుందని చెప్పారు. రాజు దానిని తాను తినలేదు. తన కొలువులో ఉన్న కవయిత్రి అవ్వైయార్‌కు ఇచ్చాడు. దాని మహిమను ముందుగా చెబితే ఆమె తీసుకోదని, తిన్న తరువాతనే చెప్పాడట. అవ్వైయార్ ఆ ఔదార్యాన్ని కీర్తిస్తూ చెప్పిన పద్యం ‘పుఱనానూఱు’లో ఉంది. ధర్మపురి సమీపంలోని అదియమాన్‌కోట్టై అనే ఊరు నేటికీ ఆ రాజు పేరును నిలుపుకొన్నది.

తమిళులు ‘నెల్లి’ అనే ఆ కాయనే తెలుగువారు ‘ఉసిరి’ అంటారు. కార్తీకమాసంలో ఉసిరిచెట్టు నీడన వనభోజనాలు చేయడం తెలుగువారి ఆచారం. కరక్కాయ, తానికాయలతో ఉసిరికాయను కలిపితే ‘త్రిఫల’ అవుతుంది. ఆయుర్వేదంలోను, సిద్ధవైద్యంలోను దీనికి పెద్దపీట ఉంది.

ఉసిరికాయ తింటే మనిషి చిరంజీవి అవుతాడా? కాడు. కాని ఆ కథలో సత్యం లేకపోలేదు. ఉసిరిలో విటమిన్ ‘సి’ నారింజలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఈ విటమిన్ తక్కువైతే చిగుళ్ళ నుండి రక్తం కారుతుంది, గాయాలు మానవు, చివరకు ప్రాణమే పోవచ్చు. దీనిని స్కర్వీ వ్యాధి అంటారు. నెలల తరబడి సముద్రంపై గడిపిన నావికులు వేలమంది దీనితో మరణించారు. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు పన్నెండుమంది రోగులను ఇద్దరిద్దరుగా విడదీసి, ఒక్కొక్క జంటకు ఒక్కొక్క రకం పదార్థం ఇచ్చి చూశాడు. నారింజ, నిమ్మ తిన్న ఇద్దరే త్వరగా కోలుకొన్నారు. ఒక కాయ ఆయువు పోస్తుందన్న మాట ఆ రోగులకు అక్షరాలా నిజమైంది.

పేరులోనే పెన్నిధి

మందుమొక్కల పేర్లను జాగ్రత్తగా గమనిస్తే ఎన్నో సంగతులు తెలుస్తాయి. ధర్మపురి ప్రాంతపు ఇళ్ళలో వాడే కొన్ని మొక్కలు ఇవి:

నేలవేము – తమిళంలో నిలవేంబు. జ్వరానికి కషాయం.
అడ్డసరం – తమిళంలో ఆడాతోడై. దగ్గుకు, కఫానికి ఆకుల కషాయం.
నేల ఉసిరి – తమిళంలో కీళానెల్లి. కామెర్లకు ఆకు ముద్ద.
బుడ్డకాకర – తమిళంలో ముడక్కత్తాన్. కీళ్ళనొప్పులకు, ఆకు రుబ్బి దోసెలు పోస్తారు.
గుంటగలగర – తమిళంలో కరిసలాంకణ్ణి. తలనూనెకు ఆకు రసం.
నల్లేరు – తమిళంలో పిరండై. ఆకలి పుట్టడానికి పచ్చడి.
తిప్పతీగ – తమిళంలో సీందిల్. జ్వరాలకు కాడ కషాయం.

నేలవేము, నిలవేంబు అనే రెండు పేర్లకూ అర్థం ఒక్కటే. వేపవలె చేదుగా ఉండి, నేలకు దగ్గరగా పెరిగేది అని. అడ్డసరాన్ని తమిళులు ‘ఆడాతోడై’ అనడానికి, ఆడు అంటే మేక సైతం ముట్టని ఆకు కావడమే కారణమని చెబుతారు. పశువులు తినవు కనుక దీనిని పొలాలకు కంచెగా నాటుతారు. బుడ్డకాకరను చూడండి. దాని కాయ గాలి నింపిన బుడ్డవలె ఉంటుంది కనుక తెలుగువారు ఆ పేరు పెట్టారు. కీళ్ళు పట్టివేయడాన్ని పోగొట్టేది అనే భావంతో తమిళులు ‘ముడక్కత్తాన్’ అన్నారు. ఒక భాష మొక్క రూపాన్ని చెప్పింది. మరొక భాష దాని పనిని చెప్పింది. రెండు పేర్లూ తెలిసిన పిల్లవానికి ఆ మొక్కను గురించి రెండింతలు తెలిసినట్లే.

అయితే పేర్ల వలన చిక్కులు కూడా ఉన్నాయి. ‘బ్రాహ్మి’ అని కొందరు సరస్వతి ఆకును అంటారు. మరికొందరు నీటి ఒడ్డున పాకే వేరొక చిన్న మొక్కను అంటారు. రెండూ జ్ఞాపకశక్తికి మంచివని ప్రసిద్ధి పొందినవే. కాని రెండూ ఒకటి కావు. అందుచేతనే శాస్త్రజ్ఞులు ప్రతి మొక్కకూ ప్రపంచమంతటికీ ఒకే శాస్త్రీయ నామం ఉండేటట్లు ఏర్పాటు చేసుకొన్నారు. ఈ పద్ధతిని 1753లో స్వీడన్ దేశపు లిన్నేయస్ స్థిరపరిచాడు. సరస్వతి ఆకు ‘సెంటెల్లా ఏషియాటికా’. రెండవది ‘బకోపా మొన్నియెరి’. మందు విషయంలో పేరు తప్పితే మందే తప్పుతుంది.

పరీక్షకు నిలిచినవి, నిలవనివి

పెద్దలు చెప్పినదంతా నిజమేనా? అంతా అబద్ధమేనా? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్కటే: పరీక్షించి చూడాలి.

అడ్డసరం ఆకులో ‘వాసిసిన్’ అనే పదార్థం ఉన్నదని రసాయన శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. దానిని ఆధారంగా చేసుకొని ‘బ్రోంహెక్సిన్’ అనే మందును తయారుచేశారు. గట్టిపడిన కఫాన్ని పలుచన చేసే ఈ మందును నేడు ఎన్నో దేశాల వైద్యులు వాడుతున్నారు. మేక ముట్టని ఆకు ప్రపంచానికి దగ్గుమందు ఇచ్చింది.

బిళ్ళగన్నేరు కథ మరీ విచిత్రమైనది. తమిళులు నిత్యకల్యాణి అనే ఈ మొక్క పుట్టుక మడగాస్కర్ ద్వీపం. పలుదేశాలలో దీని ఆకును మధుమేహానికి వాడేవారు. 1950ల్లో కెనడాకు చెందిన రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే శాస్త్రజ్ఞులు దీనిని పరీక్షించారు. రక్తంలో చక్కెర తగ్గలేదు. కాని తెల్లరక్తకణాలు తగ్గాయి. రక్తక్యాన్సర్‌లో తెల్లకణాలు మితిమీరి పెరుగుతాయి. ఆ సూచనను పట్టుకొని సాగిన పరిశోధనలలో విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ అనే మందులు లభించాయి. ఇవి పిల్లలకు వచ్చే రక్తక్యాన్సర్ చికిత్సలోను, మరికొన్ని క్యాన్సర్ల చికిత్సలోను దివ్యౌషధాలుగా పనిచేస్తున్నాయి. సంప్రదాయం దారి చూపింది. పరీక్ష గమ్యం చేర్చింది. అయితే ఆ మందులను మొక్క నుండి వేరుచేసి, ఎంతో కొలతగా ఇస్తారు. పచ్చి ఆకు నమలడం వలన ఆ మేలు కలగదు, అపాయమే కలుగుతుంది.

ఇక నేల ఉసిరి. కామెర్లకు దీనిని మించిన మందు లేదని పల్లెలలో గట్టి నమ్మకం. 1988లో మద్రాసులో హెపటైటిస్-బి వైరస్ ఉన్నవారిపై జరిపిన పరీక్షల ఫలితాలు వెలువడ్డాయి. మందు తీసుకొన్న చాలామందిలో వైరస్ గుర్తులు కనిపించకుండా పోయాయన్నారు. ఆ వైరస్‌ను కనుగొని నోబెల్ బహుమతి పొందిన బ్లంబర్గ్ కూడా ఆ పరిశోధనలో పాలుపంచుకొన్నాడు. ప్రపంచమంతా ఆసక్తితో చూసింది. కాని తరువాత ఇతర చోట్ల చేసిన పరీక్షలలో అంతటి ఫలితం రాలేదు. ఒక్క పరీక్షతో దేనినీ నిర్ణయించరాదని దీనివలన తెలుస్తుంది. అంతేకాదు, కామెర్లు ఒక వ్యాధి పేరు కాదు; అనేక వ్యాధులకు గుర్తు. పైత్యనాళంలో రాయి అడ్డుపడినా కళ్ళు పచ్చబడతాయి. కారణం తెలియకుండా ఆకు మింగుతూ కూర్చొంటే విలువైన కాలం గడిచిపోతుంది.

డెంగ్యూ, చికున్‌గున్యా జ్వరాలు వ్యాపించిన కాలంలో తమిళనాడు ప్రభుత్వం ‘నిలవేంబు కుడినీర్’ అనే సిద్ధవైద్య కషాయాన్ని ఆసుపత్రులలో పంచిపెట్టింది. నేలవేము, వట్టివేరు, చందనం, శొంఠి, మిరియాలు మొదలైన తొమ్మిది దినుసులతో దీనిని తయారుచేస్తారు. కషాయం త్రాగినవారైనా రక్తపరీక్ష మానకూడదు. కషాయానికి, పరీక్షకు విరోధం లేదు.

మందే విషం

తమిళనాడు రాష్ట్రపుష్పం ‘సెంగాందళ్’. తెలుగులో దీనిని అగ్నిశిఖ అంటారు. ఎరుపు, పసుపు కలిసిన దీని రేకులు నిప్పుమంటవలె పైకి లేచి ఉంటాయి. దీని గింజల నుండి ‘కాల్చిసిన్’ అనే పదార్థాన్ని తీస్తారు. గౌట్ అనే కీళ్ళవాతానికి అది మంచి మందు. అందుకే తమిళనాడు రైతులు కొన్నిచోట్ల దీనిని పంటగా పండిస్తున్నారు. అదే మొక్క దుంపను పొరపాటున తిన్నవారు ప్రాణాలు కోల్పోయారు. మందుకు, విషానికి మధ్య ఉన్నది ఒక్కొక్కసారి మోతాదు మాత్రమే.

పాముకాటు విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. ఆకు పసరు పోసి, వేరు కట్టి, మంత్రం వేసి కాపాడామని చెప్పే కథలు ఎన్నో ఉన్నాయి. నిజానికి కరిచే పాములలో చాలావాటికి విషం ఉండదు. విషమున్న పాము కరిచినా ఒక్కొక్కసారి విషం ఎక్కదు. అలా బ్రతికినవారిని ఆకు బ్రతికించిందని అనుకొంటారు. విషం ఎక్కినవానికి మాత్రం ఆసుపత్రిలో ఇచ్చే విషహరమైన సూదిమందు తప్ప వేరు దారి లేదు. గడిచే ప్రతి నిమిషమూ ప్రాణాపాయమే.

ఆ సూదిమందు వెనుక కూడా ఒక సంప్రదాయ జ్ఞానం ఉన్నదని తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ధర్మపురి అడవులలోను, తమిళనాడు ఉత్తర జిల్లాలలోను ఇరుళులు అనే గిరిజనులు నివసిస్తారు. జాడను బట్టి పామును కనిపెట్టడంలో వారు నేర్పరులు. 1978లో చెన్నై సమీపంలోని వడనెమ్మేలిలో వారు ఒక సహకార సంఘం ఏర్పరచుకొన్నారు. పాములను పట్టి, విషం తీసి, మళ్ళీ అడవిలో వదిలివేస్తారు. ఆ విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తం నుండి విరుగుడు మందు తయారుచేస్తారు. 2023లో వడివేల్ గోపాల్, మాసి సడయన్ అనే ఇద్దరు ఇరుళులకు భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చి గౌరవించింది. కాళ్ళక్రింది నేలను చదవడం వచ్చినవారి విద్య లక్షలమంది ప్రాణాలు నిలుపుతున్నది.

వేరు తవ్వితే

చిత్తేరి, వత్తల్‌మలై కొండలపై మలయాళీలు అనే గిరిజనులు ఉన్నారు. వీరు కేరళవారు కారు. ‘మలై’ అంటే కొండ. కొండమీద ఉండేవారు కనుక ఆ పేరు వచ్చింది. ఏ మూలిక ఏ లోయలో, ఏ నెలలో దొరుకుతుందో వారి పెద్దలకు తెలుసు.

ఈ కొండల రాళ్ళసందులలో మారేడుగడ్డ అనే తీగ పెరుగుతుంది. కన్నడిగులు దీని వేరును మాకళిబేరు అంటారు. దక్షిణ భారతదేశంలో తప్ప లోకంలో మరెక్కడా సహజంగా పెరగని తీగ ఇది. దీని వేరు కమ్మని వాసన కలిగి ఉంటుంది. ఊరగాయ పెడతారు, చలువకు షర్బత్తు చేస్తారు. వేసవిలో బండ్ల మీద అమ్మే నన్నారి షర్బత్తులో ఒకప్పుడు సుగంధిపాల వేరు వాడేవారు; నేడు చాలాచోట్ల ఈ మారేడుగడ్డే వాడుతున్నారు. వేరుకోసం తీగను తవ్వి తీస్తారు, తీగ చనిపోతుంది. గిరాకీ పెరిగేకొద్దీ అడవిలో తీగ తరిగిపోయింది.

ఇక్కడ ఒక సూత్రం ఉంది. కాయ కోస్తే చెట్టుకు నష్టం లేదు. ఆకు కోస్తే మళ్ళీ చిగురిస్తుంది. బెరడును చుట్టూ ఒలిస్తే చెట్టు ఎండిపోతుంది. వేరు తవ్వితే మొక్కే ఉండదు. పూర్వపు మూలికావైద్యుడు తన ఊరి రోగులకు చాలినంత మాత్రమే తవ్వేవాడు. చిన్న వేరు వదిలి పెద్ద వేరు తీసేవాడు. నేటి వ్యాపారి బస్తాలతో కొంటాడు. కొండవానికి దక్కేది కొద్ది కూలి. అడవి ఖాళీ అయితే ముందుగా జీవనం పోగొట్టుకొనేది కూడా అతడే.

దీనిని గుర్తించి 1993 నుండి తమిళనాడు, కర్ణాటక, కేరళ అటవీశాఖలు కొన్ని అడవులను ఔషధ మొక్కల పరిరక్షణ ప్రాంతాలుగా ఏర్పరిచాయి. 2002లో జీవవైవిధ్య చట్టం వచ్చింది. స్థానికుల జ్ఞానంతో, మొక్కలతో లాభం పొందేవారు ఆ లాభంలో వారికి వాటా ఇవ్వాలని ఈ చట్టం చెబుతుంది. మారేడుగడ్డను నారుపోసి పొలాలలో పెంచే పద్ధతులు కూడా వచ్చాయి. పెంచి వాడుకొంటే అడవి తీగ బ్రతుకుతుంది.

వ్రాసి ఉంచినది

పసుపు గాయాలను మాన్పుతుందని తెలియని తెలుగిల్లు ఉండదు. కాని 1995లో అమెరికాలో ఇద్దరు పరిశోధకుల పేర ఈ ఉపయోగానికి పేటెంటు లభించింది. పేటెంటు అంటే కొత్తగా కనిపెట్టినవానికి ప్రభుత్వం ఇచ్చే ప్రత్యేక హక్కు. భారతదేశపు శాస్త్ర, పారిశ్రామిక పరిశోధనా మండలి దీనిని ఎదిరించింది. ‘మా అవ్వలకు తెలుసు’ అంటే అక్కడ చెల్లదు. వ్రాతమూలమైన ఆధారం కావాలి. ప్రాచీన గ్రంథాల నుండి, 1953 నాటి ఒక వైద్యపత్రికలోని వ్యాసం నుండి ఆధారాలు చూపారు. 1997లో ఆ పేటెంటు రద్దయింది. ఇటువంటి పోరాటాలు మళ్ళీ రాకుండా, సంప్రదాయ వైద్యగ్రంథాల విషయాలను పలు భాషలలోకి మార్చి కంప్యూటర్లలో భద్రపరిచే పనిని భారత ప్రభుత్వం 2001లో ప్రారంభించింది.

చైనాలో జరిగిన మరొక సంగతి ఉంది. మలేరియాకు కొత్త మందును వెదుకుతున్న తూ యూయూ అనే శాస్త్రజ్ఞురాలు మాచిపత్రి జాతికి చెందిన ఒక మొక్కను పరీక్షించింది. మొదట సరియైన ఫలితం రాలేదు. నాలుగవ శతాబ్దినాటి వైద్యగ్రంథాన్ని మళ్ళీ చదివింది. ఆకును కాచమని అందులో లేదు. నీటిలో నానబెట్టి పిండమని ఉంది. వేడివలన మందు చెడిపోతున్నదని ఆమె గ్రహించి, తక్కువ వేడితో సారం తీసింది. 1972లో ‘ఆర్టెమిసినిన్’ లభించింది. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. కాచాలా, నానబెట్టాలా అనే ఒక్క చిన్నమాట పదహారు వందల ఏళ్ళు కాగితంపై నిలిచి ఉండి లక్షలమందిని బ్రతికించింది.

తెలుగులోను ‘బసవరాజీయం’, ‘వస్తుగుణదీపిక’ వంటి వైద్యగ్రంథాలు ఉన్నాయి. కాని పల్లెటూరి అవ్వకు తెలిసినదంతా గ్రంథాలకు ఎక్కలేదు. ఏ ఆకు ఏ వేళ కోయాలి, పచ్చిగా నూరాలా, నీడన ఎండబెట్టాలా, పసిపిల్లలకు ఇవ్వకూడనిది ఏది అనే విషయాలు నోటిమాటగానే ఉన్నాయి. తమిళ నాట పుట్టి పెరిగే తెలుగు పిల్లలకు ఆ మొక్కల తెలుగు పేర్లే మరుగున పడుతున్నాయి. పేరు మరచిన మొక్క కళ్ళెదుట ఉన్నా కనిపించదు. ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిలు, వినే ఓపిక ఉంటే ఆ జ్ఞానంలో కొంతైనా నిలుస్తుంది. నిలిచినది రేపు పరీక్షకు వస్తుంది. పరీక్షకు నిలిచినది అందరికీ మందవుతుంది. అప్పుడు పెరటిచెట్టు మందుకు పనికివస్తుంది.

అర్థాలు

ఓషధి, మూలిక = మందుమొక్క
ఔదార్యం = దానగుణం
మోతాదు = కొలత
గిరాకీ = కొనేవారి కోరిక
విరుగుడు = విషాన్ని పోగొట్టేది
మరుగు = చాటు

ప్రశ్నలు

1. అదియమాన్ ఉసిరికాయను అవ్వైయార్‌కు ముందుగా విషయం చెప్పకుండా ఎందుకు ఇచ్చాడు?
2. బుడ్డకాకరకు తెలుగు, తమిళ పేర్లు ఎలా వచ్చాయి?
3. బిళ్ళగన్నేరు విషయంలో ‘సంప్రదాయం దారి చూపింది, పరీక్ష గమ్యం చేర్చింది’ అనడంలోని ఆంతర్యం ఏమిటి?
4. పాము కరిచినప్పుడు ఆకు పసరును నమ్మి ఎందుకు కూర్చోరాదు?
5. కాయ కోయడానికి, వేరు తవ్వడానికి గల తేడాను మారేడుగడ్డ ఉదాహరణతో వివరించండి.
6. పసుపు పేటెంటు రద్దు కావడానికి వ్రాతమూలమైన ఆధారం ఎలా తోడ్పడింది?

భాషాభ్యాసం

1. దివ్యౌషధం = దివ్య + ఔషధం (వృద్ధిసంధి). ప్రాణాపాయం = ప్రాణ + అపాయం (సవర్ణదీర్ఘసంధి). ఇటువంటి పదాలను మరి రెండేసి వ్రాసి విడదీయండి.
2. ‘త్రిఫల’ ఏ సమాసమో తెలిపి, విగ్రహవాక్యం వ్రాయండి.
3. ‘పెరటిచెట్టు మందుకు పనికిరాదు’ వంటి చెట్లకు సంబంధించిన సామెతలు నాలుగు సేకరించండి.

చేయవలసిన పని

ఇంటిలోని లేదా వీధిలోని పెద్దలను అడిగి ఐదు మందుమొక్కల పేర్లను తెలుగులోను, తమిళంలోను వ్రాయండి. ఏ భాగాన్ని వాడతారు, ఎలా తయారుచేస్తారు, ఎవరికి ఇవ్వకూడదు అనే వివరాలను చెప్పినవారి మాటలలోనే వ్రాయండి. తెలియని మొక్కను రుచి చూడవద్దు, వేరుతో పీకవద్దు.